కెచప్ పాస్తా, భద్రాచలం నూడుల్స్ బండి

నాపోలితాన్ పాస్తా పేరులో ఇటలీలోని నేపుల్స్ ఉంది గానీ, అది పుట్టింది నేనుంటున్న యొకొహామాలో అంటారు. 1927లో తెరిచిన ఇక్కడి హోటల్ న్యూగ్రాండ్‌ను, యుద్ధంలో జపాన్ ఓడిపోయాక అమెరికా సైన్యం తీసుకుంది. సైనికులు ఉడికిన స్పగెట్టీలో కెచప్ కలుపుకుని తినడం చూసి, హోటల్ పెద్ద వంటమాస్టర్ ఇరియె షిగెతాదా టమాటా, ఉల్లి, వెల్లుల్లి, హామ్‌తో కొత్త వంటకం చేశాడని చెబుతారు. 1946లో ఇదే ఊళ్ళో మొదలైన సెంటర్ గ్రిల్ అనే రెస్టారెంట్ మాత్రం కెచప్‌నే నమ్ముకుంది. కాఫీ హోటళ్ళ మీదుగా దేశమంతా పాకింది ఆ కెచప్ పాస్తాయే.

పాస్తాని బాగా మెత్తగా ఉడికించి, చల్లార్చి పక్కన పెడతారు. అడిగినప్పుడు పెనంలో ఉల్లిపాయ, క్యాప్సికం, సాసేజ్ ముక్కలు వేయించి, పాస్తా వేసి, కెచప్‌లోని పులుపు విరిగి తీపి కాస్త మాడేదాకా పెద్ద మంట మీద తిప్పుతారు. మా ఆఫీసులో ఒక పెద్దాయన అది తింటున్నంతసేపూ వాళ్ళమ్మ గురించి తప్ప మాట్లాడడు.

నాకేమో భద్రాచలంలో నూడుల్స్ బండి గుర్తొస్తుంది. చర్ల, దుమ్ముగూడెం వైపు నుంచి వచ్చి హాస్టళ్ళలో ఉండే మాకు, చేతిలో నాలుగు డబ్బులుంటే అక్కడే పండగ. "అన్నా, ఒక ఎగ్ నూడుల్స్. కారం గట్టిగా వెయ్యి!" ముందే ఉడికించి నూనె పట్టించిన నూడుల్స్, క్యాబేజీ, గుడ్డు, సోయా సాసు, చిటికెడు అజినోమోటో, ఆపైన ఎర్రటి కారం. కడాయి అంచుకి గరిట కొట్టే చప్పుడు సందు చివరిదాకా వినిపించేది. చైనావాళ్ళు చూస్తే గుర్తుపట్టరు. ఆ అజినోమోటో మాత్రం జపాన్‌దే. 1908లో ఇకెదా కికునయె అనే టోక్యో ప్రొఫెసర్ కొంబు అనే సముద్రపు నాచులోంచి ఆ రుచిని వేరుచేశాడు.

ఆ నూడుల్స్‌ని మనవాళ్ళు చెత్త తిండి అని కొట్టిపారేస్తుంటే నాకు బాధేస్తుంది. రోజూ తినమని నేనూ అనను. కానీ అది మన తిండి కాదంటే ఒప్పుకోను. ఖమ్మం మార్కెట్‌ని బతికిస్తున్న మిర్చి కూడా అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు వాళ్ళు తెస్తే వచ్చిందే కదా! దాన్ని పరాయిదని ఏ రైతు ముందు అనగలం?

ఇక్కడివాళ్ళు ఒక కెచప్ పాస్తాకి ఊరు, హోటలు, వండినవాడి పేరు రాసి పెట్టుకున్నారు. భద్రాచలంలో, కొత్తగూడెంలో తొలిరోజుల్లో బండ్లు పెట్టినవాళ్ళు ఇంకా మన మధ్యే ఉండి ఉంటారు. ఆ పని ఎక్కడ నేర్చుకున్నారో, కారం ఎవరు అడిగితే కలపడం మొదలెట్టారో, అక్కడ చదువుకుంటున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ వెళ్ళి అడగండి. పేర్లతో సహా రాసి పెట్టండి.