రెండు ఊళ్ళ మంచు

పిల్లలూ! తెలుగులో మంచు అనే మాటకు రెండు అర్థాలున్నాయి. తెల్లవారుజామున గడ్డిపరకల మీద మెరిసే నీటిబిందువులనూ మంచు అంటాం. హిమాలయాల మీద పేరుకునే తెల్లని గడ్డనూ మంచే అంటాం. మొదటిది వేలితో తుడిస్తే పోతుంది. రెండవది కారు తలుపును బిగించేసి, ఇంటిల్లిపాదినీ చలిలో నిలబెట్టగలదు. ఒకటి రెండవదిగా ఎట్లా మారుతుందో, దాన్ని ఎట్లా ఆపవచ్చునో చూడటానికి ఇవాళ మాదాపూర్ నుంచి బయలుదేరుదాం.

జనవరి నెలలో ఒకనాడు ఉదయం ఆరుగంటలకు సైబర్ టవర్స్ కూడలి దగ్గరకు రండి. పగటిపూట ఇక్కడ రోడ్డు దాటడమే గగనం. ఆ వేళ మాత్రం పాలబండ్లు, చాయ్ బండ్లు, రాత్రి పని ముగించుకుని ఇళ్ళకు వెళ్ళే ఉద్యోగులు తప్ప ఎవరూ ఉండరు. 1998లో సైబర్ టవర్స్ భవనం ప్రారంభమైనప్పుడు మాదాపూర్ చుట్టూ రాళ్ళగుట్టలే ఎక్కువ. ఈనాడు అద్దాల మేడలు ఆ గుట్టలను కప్పేశాయి. అయినా దుర్గం చెరువు వైపు నడిస్తే, సుమారు 250 కోట్ల ఏళ్ళ వయసున్న ఆ గ్రానైటు గుండ్రాళ్ళు ఇంకా కనిపిస్తాయి. ఒకప్పుడు గోలకొండ కోటకు మంచినీరు అందించిన చెరువు ఇది. 2020లో దీని మీద తీగల వంతెన కట్టారు.

దారిలో ఇళ్ళముందు నిలిపిన కార్లను జాగ్రత్తగా చూడండి. ఆరుబయట ఉన్న కారు పైకప్పూ అద్దాలూ తడిసి ఉంటాయి. వాటి మీద వేలితో మీ పేరు కూడా రాయవచ్చు. దాని పక్కనే వేపచెట్టు కింద నిలిపిన కారు చాలావరకు పొడిగానే ఉంటుంది. గాలి రెంటికీ ఒకటే గదా! మరి ఈ తేడా ఎందుకు?

ఈ ప్రశ్నకు సమాధానం చెప్పినవాడు లండన్‌లో వైద్యం చేసుకునే విలియం చార్లెస్ వెల్స్. ఆయన రాత్రిళ్ళు తోటలో ఒక బల్లను కాళ్ళ మీద నిలిపి, దాని పైన కొంత ఉన్ని, కింద అంతే ఉన్ని ఉంచి, తరువాత తూచి చూశాడు. బల్ల పైన ఉన్న ఉన్నికే ఎక్కువ తేమ పట్టింది. నిర్మలమైన రాత్రి ప్రతి వస్తువూ తనలోని వేడిని ఆకాశంలోకి వదులుతూ, చుట్టూ ఉన్న గాలికంటే కూడా చల్లబడుతుంది. అట్లా చల్లబడ్డ వస్తువును తాకిన గాలిలోని ఆవిరి నీటిబిందువులవుతుంది. పైన చెట్టో కప్పో అడ్డముంటే వేడి అంతగా పోదు. ఈ సంగతులన్నీ ఆయన 1814లో పుస్తకంగా ప్రకటించాడు. ఆయన ఉన్నితో చేసిన పరీక్షను మాదాపూర్ వీధిలో కార్లు ప్రతి శీతాకాలమూ చేసి చూపిస్తున్నాయన్నమాట!

సరే, ఆ బిందువులు ఇక్కడ గడ్డకట్టవేం? నీరు గడ్డకట్టాలంటే సున్నా డిగ్రీల సెంటిగ్రేడు కావాలి. హైదరాబాదులో నమోదైన అతి తక్కువ ఉష్ణమానం 1946 జనవరి 8న 6.1 డిగ్రీలు. అంటే, మనకు నీరు గడ్డకట్టేటంత చలి రాదు. ఇక్కడ చలికి గడ్డకట్టేది సీసాలోని కొబ్బరినూనె. దానికి 24 డిగ్రీలు చాలు! తెలుగునేల మీద నీటికే గడ్డకట్టే యోగం చూడాలంటే, చింతపల్లి కొండల్లోని లంబసింగికి వెళ్ళాలి. అక్కడ కొన్ని శీతాకాలపు రాత్రులు ఉష్ణమానం సున్నాకు దగ్గరగా దిగుతుంది.

కాని మాదాపూర్‌లో ఎన్నో ఇళ్ళకు మరొక ఊరు కూడా ఉన్నది. మీ అక్కయ్యో, బాబాయో అమెరికాలో డల్లాస్‌లోనో, షికాగోలోనో ఉండి ఉండవచ్చు. శీతాకాలంలో మనకు ఉదయం ఆరుగంటలయితే, ఆ రెండు ఊళ్ళలోనూ ముందురోజు సాయంత్రం ఆరున్నర. ఈ లెక్క గుర్తుంచుకోండి. దీనితో తరువాత పని ఉన్నది.

2019 జనవరి 30న షికాగోలో ఉష్ణమానం సున్నాకు దిగువ 30 డిగ్రీలు దాటింది. అక్కడివారు చలికి అలవాటుపడ్డవారు. డల్లాస్ సంగతి వేరు. అక్కడ మామూలుగా చలి అంత తీవ్రంగా ఉండదు. అటువంటి చోట 2021 ఫిబ్రవరి 16న ఉష్ణమానం సున్నాకు దిగువ 19 డిగ్రీలకు పడిపోయింది. టెక్సాస్ రాష్ట్రంలో లక్షలాది ఇళ్ళకు కరెంటు పోయింది. అటువంటప్పుడు కారు తలుపు తెరుచుకోవడం చిన్న విషయం కాదు. మందులు తేవాలన్నా, వెచ్చని చోటికి పిల్లలను చేర్చాలన్నా కారే ఆధారం.

మరి తలుపు ఎట్లా బిగుసుకుంటుంది? కారు తలుపు అంచు చుట్టూ మెత్తని రబ్బరు పట్టీ ఉంటుంది. మన మెకానిక్కులు దాన్ని బీడింగు అంటారు. వానా దుమ్మూ లోపలికి రాకుండా అది తలుపును ఒత్తి పట్టుకుంటుంది. కారు నడిచినంతసేపూ లోపలి వేడికి పైన పడ్డ మంచు కరిగి, నీరై, ఆ పట్టీలోకి దిగుతుంది. రాత్రి కారు చల్లబడగానే ఆ నీరు గడ్డకట్టి, రబ్బరునూ ఇనుమునూ జిగురులాగా అతికిస్తుంది. కిటికీ అద్దం దిగే గాడిలోనూ ఇదే జరుగుతుంది. అంటే, తలుపును మూసేది చలి కాదు, ముందురోజు సాయంత్రం అక్కడ మిగిలిన తడి!

దీన్ని మీరే పరీక్షించవచ్చు. పాత సైకిలు ట్యూబు నుంచి రెండు ముక్కలు కత్తిరించండి. ఒకదాన్ని బాగా తడిపి, రెండవదాన్ని పొడిగా, చెరొక స్టీలు పళ్ళెం మీద పరచి, పైన చిన్న బరువు పెట్టి, అమ్మనడిగి ఫ్రీజరులో ఉంచండి. మరునాడు లాగి చూడండి. పొడిముక్క చేతికి వస్తుంది. తడిముక్క పళ్ళాన్ని కూడా వెంట తెస్తుంది.

కనుక ఆ ఊళ్ళలో తెలిసినవారు సాయంత్రమే జాగ్రత్తపడతారు. కారు మీది మంచును బ్రష్షుతో దులుపుతారు. తలుపులు తెరిచి, రబ్బరు పట్టీనీ, అది ఆనే అంచునూ పొడిగుడ్డతో తుడుస్తారు. పట్టీకి సిలికోన్ పూతను పలుచగా పూస్తారు. దాని మీద నీరు నిలవదు. పెట్రోలు జాతి గ్రీజు పూస్తే రబ్బరు ఉబ్బి పాడవుతుంది. కొబ్బరినూనె సంగతి మీకు తెలిసిందే! పట్టీ చిరిగి ఉంటే మార్పిస్తారు. గడ్డకట్టే చలి రాబోయే సాయంత్రం కారు కడగరు. కిటికీలను పూర్తిగా మూస్తారు. వీలుంటే కారును కప్పు కింద నిలుపుతారు. ఎందుకో వేపచెట్టు కింది కారు మనకు చెప్పనే చెప్పింది.

అయినా ఉదయం తలుపు రాకపోతే? పిడి పట్టుకుని గుంజరాదు. పిడి విరుగుతుంది, లేదా రబ్బరు చిరుగుతుంది. ముందు తలుపును భుజంతో లోపలికి గట్టిగా నొక్కాలి. మంచుపొర పెళుసు కనుక పగులుతుంది. అప్పటికీ రాకపోతే మిగిలిన తలుపులు ప్రయత్నించాలి. ఆల్కహాలు కలిసిన మంచు కరిగించే ద్రావకం అక్కడి దుకాణాల్లో దొరుకుతుంది. అంచుల వెంట దాన్ని చల్లవచ్చు. అద్దం గడ్డకట్టి ఉండగా కిటికీ మీట నొక్కకూడదు. అద్దం కదలదు, లోపలి మోటారు దెబ్బతింటుంది.

మరుగునీళ్ళు పోయాలని ఎవరికైనా తోస్తుంది. అది మాత్రం వద్దు. వెలుగుతున్న లాంతరు చిమ్నీ మీద ఒక్క నీటిచుక్క పడితే ఏమయ్యేదో మీ నాయనమ్మనడగండి. ఠప్పున పగిలేది! గాజులో ఒకచోట వేడీ ఒకచోట చల్లదనమూ ఉంటే అది తట్టుకోలేదు. పైగా పోసిన నీరు పట్టీలోకి దిగి మళ్ళీ గడ్డకడుతుంది.

ఇంకొక్క మాట, ఇది అన్నింటికంటే ముఖ్యం. కారు వెచ్చబడాలని మూసిన గారేజీలో ఇంజను నడపరాదు. సైలెన్సరు గొట్టాన్ని మంచు మూసి ఉంటే, దాన్ని తీసివేసేదాకా ఇంజను వేయరాదు. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, ప్రాణం తీస్తుంది. 2021లో టెక్సాస్‌లో చలి తట్టుకోలేక కార్లను గారేజీల్లో నడిపి, ఇళ్ళలో బొగ్గులు రాజేసి, కొందరు చలి వల్ల కాక ఈ వాయువు వల్లనే మరణించారు.

ఇప్పుడు మన గంటల లెక్కకు వద్దాం. మాదాపూర్‌లో తెల్లవారి మీరు ఫోను చేసే వేళకు, డల్లాస్‌లో సాయంత్రమై, కార్లు ఇళ్ళకు చేరుతూ ఉంటాయి. తలుపు తుడవవలసిన సమయం సరిగ్గా అదే! "బాబాయ్, ఈ రాత్రి చలి ఎక్కువట గదా, కారు తలుపులు తుడిచావా? సైలెన్సరు గొట్టం చూశావా?" అని అడగండి. ఎప్పుడూ మంచుగడ్డ చూడని మాదాపూర్ పిల్లవాడికి ఇదంతా ఎట్లా తెలిసిందా అని ఆయన ఆశ్చర్యపోతాడు. మన వీధిలోని తడిసిన కారు చెప్పిందనండి.