చేపకు తగలని షాకు

బకెట్లో హీటర్‌ రాడ్‌ పెట్టి స్విచ్‌ వేశాక ఆ దరిదాపులకు పిల్లల్ని రానిచ్చే ఇల్లు ఉండదు. 'కరెంటు నీళ్లు, ముట్టుకోకు' అని అమ్మ వంటింట్లోంచే కేకేస్తుంది. నీళ్లు కాగాయో లేదో చూడాలంటే ముందు స్విచ్‌ ఆపి, ప్లగ్గు పీకి, ఆ తర్వాతే వేలు ముంచాలని అమ్మమ్మలకూ తెలుసు. అదే ఇంట్లో ముందు గదిలో ఇంకో నీళ్ల తొట్టె ఉంటుంది. అందులోనూ ఓ హీటరుంటుంది. దానికి తోడు నీళ్లు శుభ్రం చేసే చిన్న మోటారు, గాలి బుడగలు వదిలే పంపు, పైన లైటు. వాటిలో చాలావరకు రాత్రింబవళ్లు నడుస్తూనే ఉంటాయి. అయినా అందులో మోచేతి దాకా చెయ్యి పెట్టి నాచు గీకడానికి ఎవరూ జంకరు. ఎందుకంటే అది బకెట్‌ కాదు... అక్వేరియం! రంగురంగుల చేపలు తిరుగుతున్న చోట ప్రమాదం పొంచి ఉంటుందని ఎవరికి తడుతుంది?

అసలు చిక్కంతా ఆ చేపలతోనే. 'నీళ్లలో కరెంటుంటే అవి బతుకుతాయా ఏమిటి' అనుకుంటారు చాలామంది. చాలాసార్లు బతుకుతాయి. హాయిగా ఈదుతాయి. మేత వేస్తే పైకొస్తాయి కూడా. కరెంటు తీగ మీద కాకి వాలడం చూస్తూనే ఉంటాం కదా. దాని రెండు కాళ్లూ ఒకే తీగ మీద ఉంటాయి కాబట్టి కరెంటు దాని ఒంట్లోంచి నేలకు పోయే దారి లేదు. తొట్టెలో చేప పరిస్థితీ అంతే. చుట్టూ ఉన్నది గాజు. గాజులోంచి కరెంటు పోదు. లీకైన కరెంటుకు బయటికి దారి దొరక్క నీళ్లన్నీ ఇంచుమించు ఒకే వోల్టేజిలో ఉండిపోతాయి. వట్టి కాళ్లతో నేల మీద నిలబడి ఆ నీళ్లలో చెయ్యి పెట్టిన మనిషికి మాత్రం ఆ అదృష్టం లేదు. చెయ్యి తొట్టెలో, కాలు నేల మీద... కరెంటుకు దారి తనే అవుతాడు.

మూడో తరగతి చదివే పాప ఉన్న ఇల్లొకటి ఊహించుకోండి. చేపలకు మేత వేసేది పాపే. డిసెంబరులో ఓ రోజు 'నాన్నా, నీళ్లలో వేలు పెడితే జివ్వుమంటోంది' అంటుంది. 'చలికాలం కదమ్మా, నీళ్లు చల్లగా ఉండి అలా అనిపిస్తుందిలే' అంటాడాయన పేపర్లోంచి తలెత్తకుండానే. పాప ఊరుకోకపోతే లేచి వెళ్లి తనూ వేలు ముంచుతాడు. ఏమీ అనిపించదు. కాళ్లకు రబ్బరు చెప్పులున్న సంగతి ఆయనకు గుర్తుండదు. చేపలు కూడా బాగానే ఉన్నాయి. మాట అక్కడితో అయిపోతుంది. వారం తర్వాత ఫ్యాన్‌ రెగ్యులేటర్‌ మార్చడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్‌ చెవిన ఆ మాట పడుతుంది. అతను ముందు తొట్టె ప్లగ్గులన్నీ పీకేస్తాడు. 'సార్‌, పిల్లలు ఇలాంటి మాట చెబితే కొట్టిపారెయ్యకండి' అంటూ సామాన్లు ఒక్కొక్కటీ బయటికి తీసి చూస్తాడు. హీటరు గాజుగొట్టానికి అడుగున వెంట్రుకవాసి పగులు! లోపలంతా చెమ్మ.

ఆ జివ్వుమనడం ఓ హెచ్చరిక. అది ప్రతిసారీ ముందుగా రావాలని లేదు. ఆ పాప తడి నేల మీద నిలబడి ఉంటేనో, మరో చేత్తో ఇనుప స్టాండును పట్టుకుని ఉంటేనో కథ వేరేగా ఉండేది.

ఇంతకీ హీటరు ఎలా పగులుతుంది? వేడి గాజుగ్లాసు మీద చన్నీళ్లు పోస్తే ఏమవుతుందో అదే. నీళ్లు మార్చేటప్పుడు తొట్టెలో మట్టం తగ్గుతుంది. స్విచ్‌ ఆపకపోతే హీటరు గాలిలో తేలి కాలిపోతుంటుంది. దాని మీద కొత్త నీళ్లు పడగానే గాజు చిట్లుతుంది. లోపలి వేడి తీగకు నీళ్లు తగులుతాయి. తొట్టె నీళ్లలో లవణాలు కరిగి ఉంటాయి కాబట్టి కరెంటు వాటిలోంచి తేలిగ్గా పాకుతుంది. అందుకే నీళ్లు మార్చాలనుకున్నప్పుడు హీటరును పావుగంట ముందే ఆపేసి, ప్లగ్గు పీకి చల్లారనివ్వాలి. మళ్లీ మట్టం నిండాకే స్విచ్‌ వెయ్యాలి. నిజానికి హీటరు అందరికీ అక్కర్లేదు కూడా. వేడి ప్రాంతాల చేపలకు 24 నుంచి 28 డిగ్రీల నీళ్లు చాలు. కోస్తా ఊళ్లలో ఏడాదిలో చాలా నెలలు ఆ వెచ్చదనం ఊరికే దొరుకుతుంది. గోల్డ్‌ఫిష్‌ అయితే చల్లటి నీళ్లలోనే సుఖంగా ఉంటుంది. హైదరాబాద్‌, ఆదిలాబాద్‌ వైపు చలి రాత్రుల్లో అవసరమైతే పెట్టుకోవచ్చు. అవసరం లేని హీటరు తీసెయ్యడమే మొదటి జాగ్రత్త.

'మా బోర్డులో ఎమ్‌సీబీలున్నాయి, ఏదైనా అయితే పడిపోతాయి' అని ధీమాగా ఉండేవాళ్లు ఎక్కువ. ఎమ్‌సీబీ ఉన్నది తీగల్ని కాపాడటానికి, మనుషుల్ని కాదు. లెక్క చూడండి. 100 వాట్ల హీటరు 230 వోల్టుల దగ్గర తీసుకునేది సుమారు 0.43 ఆంపియర్లు. తడిసిన మనిషి ఒంటి నిరోధం వెయ్యి ఓములనుకుంటే అతని గుండా పోయే కరెంటు 0.23 ఆంపియర్లు. ఆరు ఆంపియర్ల ఎమ్‌సీబీకి అది మరో బల్బు వెలిగినట్టే. కదలదు, మెదలదు. మనిషి గుండె లయ తప్పడానికి మాత్రం అందులో కొంత భాగమే ఎక్కువ.

ఈ తేడాను లెక్కగట్టి చూపినవారిలో అమెరికాలోని బర్కిలీలో పనిచేసిన ప్రొఫెసర్‌ ఛార్లెస్‌ డాల్జీల్‌ ఒకరు. ఎంత కరెంటు దగ్గర మనిషి చెయ్యి బిగుసుకుపోయి పట్టుకున్నది వదల్లేకపోతుందో ఆయన స్వచ్ఛందంగా ముందుకొచ్చిన వాళ్ల మీద పరీక్షించారు. మగవాళ్లలో సగటున 16, ఆడవాళ్లలో పదిన్నర మిల్లీ ఆంపియర్లని తేలింది. ఆంపియరులో వెయ్యో వంతు ఒక మిల్లీ ఆంపియరు! 1961లో ఆయన లీకేజీని పసిగట్టి కరెంటు ఆపేసే పరికరాన్ని రూపొందించారు. అమెరికాలో దాన్ని మొదట తప్పనిసరి చేసింది కూడా నీళ్ల దగ్గరే. 1968లో ఈతకొలనుల్లో నీటి అడుగున పెట్టే లైట్లకు.

అదే సూత్రంతో మన బోర్డుల్లోకి వచ్చింది ఆర్‌సీసీబీ. దుకాణంలో గల్లాపెట్టె లెక్క చూసినట్టే ఉంటుంది దీని పని. ఒక తీగలోంచి వెళ్లిన కరెంటు రెండో తీగలోంచి పూర్తిగా తిరిగి రావాలి. లెక్క తేడా వచ్చిందంటే ఎక్కడో దారి తప్పిందని అర్థం. ఆ దారి మనిషి ఒళ్లు కూడా కావచ్చు. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరేసరికి రెప్పపాటులో కరెంటు ఆపేస్తుంది. షాకు తెలియకుండా పోదు, ప్రాణం మీదికి మాత్రం రాకుండా చూస్తుంది. కొనేటప్పుడు 30 మిల్లీ ఆంపియర్లదే అడగాలి. ఇంట్లో ఇన్వర్టరుంటే, దాని లైను కూడా ఆర్‌సీసీబీ గుండా వెళ్తోందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోవాలి.

ఇక తొట్టె వెనక్కి తొంగిచూస్తే చాలా ఇళ్లలో చిక్కుపడిన తీగల పుట్ట కనిపిస్తుంది. ప్లగ్గు లేదని తీగల కొసలు చెక్కి, సాకెట్లో దూర్చి, అగ్గిపుల్లలతో బిగించిన ఇళ్లూ ఉన్నాయి. ఎక్స్‌టెన్షన్‌ బాక్సు సరిగ్గా తొట్టె కిందే ఉంటుంది. నీరు పల్లమెరుగు అన్నారు పెద్దలు. తొట్టెలోంచి తీగ వెంబడి జారే బొట్టు తిన్నగా సాకెట్లోకే దిగుతుంది. దీనికి రూపాయి ఖర్చు లేని ఉపాయం ఉంది. తీగను సాకెట్‌ కన్నా కిందికి వేలాడనిచ్చి, మళ్లీ పైకి మలిచి ప్లగ్గు పెట్టడమే. బొట్టు ఆ వంపు దగ్గరే నేల మీద రాలిపోతుంది. ఎక్స్‌టెన్షన్‌ బాక్సును కింద కాకుండా పక్కగా, ఎత్తులో గోడకు బిగించాలి. ఎర్త్‌ ఉన్న మూడు పిన్నుల ప్లగ్గుతో వచ్చిన పరికరానికి ఆ మూడో పిన్ను విరగ్గొట్టకూడదు.

గాలి పంపును నీటి మట్టం కన్నా ఎత్తులో పెట్టాలి. కింద ఉంటే, కరెంటు పోయినప్పుడు తొట్టెలో నీళ్లు ఆ సన్నటి గొట్టంలోంచి వెనక్కి నడిచి పంపులోకి దిగుతాయి. కరెంటు రాగానే తడిసిన పంపు తనంతట తనే నడుస్తుంది! ఎత్తులో పెట్టడం కుదరకపోతే గొట్టం మధ్యలో నాన్‌ రిటర్న్‌ వాల్వ్‌ బిగించుకోవాలి. వేలెడంత ఉండే ఆ వాల్వు చేపల దుకాణాల్లో దొరుకుతుంది.

ఎన్ని ఉన్నా, నీళ్లలో చెయ్యి పెట్టే ముందు ప్లగ్గులన్నీ పీకడానికి సాటి లేదు. ఒక్క స్విచ్‌ ఆపితే చాలదు. పాత వైరింగుల్లో స్విచ్‌ తప్పు తీగకు తగిలించి ఉండొచ్చు. అరగంట మోటారు ఆగితే మామూలు తొట్టెలో చేపలకేమీ కాదు. ఎవరికైనా షాకు తగిలి చెయ్యి అతుక్కుపోతే ఒంటిని పట్టుకుని లాగొద్దు. ముందు మెయిన్‌ ఆపాలి. అది అందుబాటులో లేకపోతే ఎండు కర్రతో విడిపించాలి. వెంటనే 108కి ఫోన్‌ చెయ్యాలి. మనిషి లేచి కూర్చున్నా డాక్టరుకు చూపించాలి.

ఆర్‌సీసీబీ మీద చిన్న మీట ఒకటుంటుంది, 'టి' అని రాసి. నెలకోసారి అది నొక్కి చూడాలి. ఈ ఆదివారం నీళ్లు మార్చే పని ఉంటే ముందు ఆ పని చెయ్యండి. మీట నొక్కగానే టప్పున పడిపోయి ఇంట్లో కరెంటు పోతే సంతోషం. మళ్లీ పైకి లేపి, తొట్టె ప్లగ్గులు పీకి, బకెట్‌ తెచ్చుకోండి. పడకపోతే మాత్రం బకెట్‌ పక్కన పెట్టి ఎలక్ట్రీషియన్‌కు కబురు పెట్టండి. చేపలకు నీళ్లు రెండు రోజులు ఆలస్యంగా మార్చినా ఫర్వాలేదు.