కల్లుతో పొంగిన రొట్టె

దక్షిణ గోవాలో, అరేబియా సముద్రతీరాన, కొబ్బరితోటల నడుమ మజోర్డా అనే గ్రామమున్నది. భారతదేశంలో పోర్చుగీసు తరహా రొట్టెను మొట్టమొదట కాల్చిన ఊరు తమదేనని అక్కడివారు సగర్వంగా చెప్పుకుంటారు. జెసూట్ పాదిరీలు తమ పూర్వులకు ఈ విద్య నేర్పారని వారి వాడుక.

1510లో గోవాను జయించిన పోర్చుగీసువారికి ఆహారం ఒక సమస్య అయింది. కొంకణం వరి పండే సీమ. క్రైస్తవ పూజకు గోధుమ అప్పం తప్పనిసరి. పూటపూటా రొట్టె తిని పెరిగిన నాలుకకు అన్నం రుచించలేదు. గోధుమను బయటినుంచి తెప్పించుకోవచ్చును. కాని పిండిని పొంగించేదెట్లా? దానికి సమాధానం వారి తలల మీదే, కొబ్బరిచెట్ల మొవ్వులలో ఉన్నది. అదే కొబ్బరి కల్లు. కొంకణిలో దానిని ‘సూర్’ అంటారు.

కల్లు గుణం తెలుగువారికి కొత్త కాదు. తెల్లవారగట్ల దించిన తియ్యని కల్లు పొద్దెక్కేసరికి నురుగు కడుతుంది. కంటికి కనబడని ఈస్టు కణాలు అందులోని చక్కెరను ఆరగించి బొగ్గుపులుసు వాయువును విడుదల చేయడమే ఇందుకు కారణం. ఆ వాయువే పిండిముద్దలో చిక్కుకొని దానిని ఉబ్బిస్తుంది. ఐరోపా రొట్టెకు కొంకణపు ప్రాణం పోసింది ఈ కల్లే. దానివల్లనే రొట్టెకు లేశమాత్రం పులుపు, వెనువెంటనే సన్నని తీపి అబ్బాయి.

ఆ పరిసరాలలోని ఒక పాత బేకరీకి వేకువజామున వెళ్లాను. ఎర్రని జేగురురాతి గోడలు, మసిబారిన పైకప్పు, మూలన గుమ్మటం వంటి బట్టీ. కట్టెలు కాలి నిప్పులైన తరువాత వాటిని పక్కకు నెట్టి, తడిగుడ్డతో లోపలి నేలను తుడిచారు. పనివాడు చేయి లోపలికి చాచి వేడిని అంచనా కట్టాడు. వేడిని కొలిచే పరికరమేదీ అక్కడ లేదు. నిడుపాటి కర్రతెడ్డు మీద పిండిముద్దలు లోపలికి వెళ్లి, కాసేపటికి గోధుమవన్నె తిరిగి వచ్చాయి.

అన్నీ ఒక్క తీరువి కావు. మెత్తని పలకల వంటివి ‘పావ్’. గుండ్రంగా, పైపొర కరకరలాడేవి ‘ఉండో’. కత్తెరతో కత్తిరించి సీతాకోకచిలుక ఆకారం తెచ్చినవి ‘కాత్రే’. గాజులాగా గట్టిగా ఉండి తేనీటిలో ముంచుకొనేవి ‘కాంకణ్’. నా మట్టుకు నాకు, గోధుమ తవుడు అద్దిన ‘పొయీ’ ముందు తక్కినవన్నీ దిగదుడుపే. లోపల సంచిలాగా డొల్లగా ఉంటుంది. ఏ కూర పెట్టినా ఇముడ్చుకుంటుంది.

రొట్టెలమ్మేవానిని ‘పొదేర్’ అంటారు. పోర్చుగీసు ‘పాదేరు’కు అది కొంకణి రూపం. పూర్వం గలగలలాడే కర్ర పట్టుకొని వచ్చేవాడు. ఇప్పుడు సైకిలు మీద వెదురుబుట్ట, చేతిలో రబ్బరు హారను. గోవా రొట్టెగాళ్లు బొంబాయికి వలసపోయి ‘పావ్’ను అక్కడ పాతుకునేట్లు చేశారు. వడా పావ్‌లోని మాట అదే. కాళ్లతో పిసుకుతారు గనుక పావ్ అన్నారనే కథ కేవలం కల్పన.

ఒకప్పుడు హిందూ కుటుంబాలు ఈ రొట్టెను పరమతపు గుర్తుగా దూరం పెట్టేవి. నేడు ఆ పట్టింపు లేదు. పోర్చుగీసు పాలన 1961లో ముగిసింది. రొట్టె మాత్రం పోలేదు. పోతున్నది కల్లు.

చెట్టెక్కేవారు తగ్గిపోయారు. రోజుకు రెండుమూడు సార్లు అంతెత్తు ఎక్కి దిగే వృత్తిలోకి గీతకారుల పిల్లలు రావడం లేదు. దించిన కల్లునైనా నిలవ ఉంచలేము; గంటలు గడిచేకొద్దీ పులిసిపోతుంది. అది వెనిగర్‌కూ, ఫెనీ సారాకూ కూడా కావాలి. చవుకగా అమ్ముడుపోయే రొట్టె ఆ పోటీలో నెగ్గలేదు. అందుకే అత్యధిక బేకరీలలో నేడు ఫ్యాక్టరీ ఈస్టే వాడుతున్నారు. కల్లు పిండి నిదానంగా, రాత్రంతా పొంగేది. ఈస్టుతో ఆ పని రెండు గంటలలో తీరుతుంది. పలు బేకరీలను యజమానుల వారసులు కౌలుకిచ్చారు. కర్ణాటక నుంచి వచ్చిన శ్రామికులే వాటిని నడుపుతున్నారు. వారి కష్టం వల్లనే బట్టీలు చల్లారలేదు. రొట్టె మునుపటిది కాదని వారిని నిందించడం అన్యాయం. చెట్టు మీద మనిషి లేనప్పుడు బట్టీ దగ్గరి మనిషి ఏం చేయగలడు?

నేను చూసిన బేకరీలోనూ నిత్యం వాడేది ఈస్టే. కొబ్బరి, బెల్లం, ఏలకులు కలిపి చేసే ‘బోల్’ అనే పెళ్లి రొట్టెకు మాత్రం కల్లే పోస్తారట. ఎవరైనా బోల్ కావాలంటే, పక్క ఊరిలోని ఒక వృద్ధ గీతకారునికి నాలుగు రోజుల ముందే కబురు పంపుతారు. ఆయన చెట్టెక్కగలనంటేనే బయానా పుచ్చుకుంటారు.