బకెట్టెడు సీసం

మా పక్కింటి పెద్దాయన గరాజులో ఒక అయిదు గ్యాలన్ల ప్లాస్టిక్ బకెట్ ఉండేది. మొదటిసారి దాన్ని పక్కకి జరపబోతే నా నడుం పట్టేసింది. చూడ్డానికి మామూలు పెయింటు బకెట్టే. ఆయన నవ్వి, "నూట ముప్ఫై పౌన్లు, మెల్లిగా" అన్నాడు.

లోపల వేలెడంత బూడిదరంగు ముక్కలు. చక్రం ఊగకుండా తిరగాలని రిమ్ము అంచుకి బిగిస్తారే, ఆ బరువులు. టైరు మార్చినప్పుడల్లా పాతవి పీకి బకెట్లో పడేస్తారు. ఆయనకి తెలిసిన టైరు షాపువాడు బకెట్ నిండగానే ఫోన్ చేసేవాడు. ఆయన కొంత డబ్బు, ఒక డజను డోనట్లు ఇచ్చి తెచ్చుకునేవాడు. ఆ సీసాన్ని కరిగించి తూటాలు పోసుకుంటాడు. వాళ్ళ నాన్న వదిలివెళ్ళిన పాత .38 రివాల్వర్‌కి.

ఇది 2022 వేసవి మాట, ఒహాయోలో, కొలంబస్ శివార్లలో. కోవిడ్ మొదలైనప్పటి నుంచీ షాపుల్లో తూటాలు దొరకడం కష్టమైపోయింది, దొరికినా ధర మండిపోతోంది. ఒక పౌను సీసంలో నలభై నాలుగు తూటాలు వస్తాయని ఆయన లెక్క. ఒక్కోటి 158 గ్రెయిన్లు, అంటే పది గ్రాములకి కాస్త ఎక్కువ.

నాకు తుపాకులంటే పడదు. తెనాలిలో పెరిగిన నేను చూసిన ఏకైక తుపాకీ బ్యాంకు గార్డుది, అది పేలుతుందని ఆ గార్డుకి కూడా నమ్మకం ఉన్నట్టు కనిపించేది కాదు. ఇక్కడికొచ్చి పదేళ్ళయినా ఆ వార్తలు విన్నప్పుడల్లా కడుపులో దేవినట్టే ఉంటుంది. మరి ఆ గరాజుకి ఎందుకు వెళ్ళానంటే, నిజం చెప్పాలంటే, పని బాగుంది. రెండేళ్ళుగా ఇంట్లోంచే ఉద్యోగం. పొద్దున్నుంచి రాత్రిదాకా స్క్రీన్‌లో కనిపించేవే తప్ప చేతికి తగిలే వస్తువు లేదు. ఆయన వయసు మా నాన్న వయసు. మిషన్ షాపులో పనిచేసి రిటైరయ్యాడు. ముక్కల్ని ఏరడానికి ఆయనకి ఇంకో జత చేతులు కావాలి, నాకు ఆ ఏరడం కావాలి.

ఏరడమే అసలు పని. బకెట్లో ఉన్నదంతా సీసం కాదు. వాల్వు ముక్కలు, సిగరెట్ పీకలు, రబ్బరు తుక్కు, ఎవరో ఉమ్మిన పొగాకు. వాటి మధ్య ఇనప బరువులు, జింకు బరువులు. ఇనుము తేలిగ్గా దొరికిపోతుంది, అయస్కాంతం చాలు. చిక్కంతా జింకుతోనే. కొన్నిటిమీద గుర్తు ఉంటుంది, కొన్నిటిమీద అరిగిపోతుంది. అప్పుడు కటింగ్ ప్లయరుతో కొరికి చూడాలి. సీసం వెన్నలా దిగబడుతుంది, జింకు గట్టిగా ఎదురు తిరుగుతుంది. లేదా సిమెంటు నేలమీద పడేసి వినాలి. సీసం దబ్బుమంటుంది, జింకు ఖంగుమంటుంది.

సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, జింకు 419 దాటితేగానీ కరగదు. మంట అదుపులో ఉంటే పొరపాటున పడ్డ జింకు పైకి తేలుతుంది, గరిటెతో తీసేయొచ్చు. ఒకసారి నేను ఏరిన కుప్పలోంచే రెండు జింకు ముక్కలు తప్పించుకున్నాయి. ఆయన మంట ఎక్కువ పెట్టాడు. కుండ మొత్తం గడ్డలు కట్టిన ఉప్మాలా తయారైంది, అచ్చులో సరిగ్గా నిండనే లేదు. సాయంత్రం పనంతా వృథా. ఆయన నన్ను ఏమీ అనలేదు. కోడ్ రివ్యూలో నా పొరపాటు ఇంకొకరి కంట పడితే ఎలా ఉంటుందో అలా ఉండిపోయాను.

అంతా సవ్యంగా జరిగితే మాత్రం చూడ్డానికి చాలా బాగుంటుంది. పెరట్లో గ్యాస్ స్టవ్‌మీద ఇనప కుండ. మురికి ముక్కలు ఒరిగిపోతూ కుంగిపోతూ, కిందనుంచి అద్దంలాంటి మెరుపు. ఇనప క్లిప్పులు పైకి తేలతాయి. చిల్లుల గరిటెతో వాటిని తీసేసి, ఒక కొవ్వొత్తి ముక్క వేస్తే భగ్గున మండి మడ్డంతా పైకొస్తుంది. మడ్డి తీసేశాక మఫిన్ల పళ్ళెంలో పోస్తే సీసం ఇడ్లీలు. ఆ పక్కకి నీటిచుక్క రానివ్వకూడదు. కరిగిన లోహంలో తడి పడితే ఒక్కసారిగా ఆవిరై సీసాన్ని మొహంమీదకి ఎగజిమ్ముతుంది.

ఈ బరువుల్లో సీసంతో పాటు కొద్దిగా యాంటిమొనీ, ఇంకా కొద్దిగా తగరం ఉంటాయి. గట్టిదనం వాటివల్లే. ఇప్పుడు సీసం బరువులు తగ్గిపోతున్నాయని ఆయన బాధ. యూరప్ 2005లోనే ఆపేసింది, కాలిఫోర్నియా 2010లో. ఒహాయోలో నిషేధం లేకపోయినా బకెట్ బకెట్‌కీ జింకు, ఇనుము పెరుగుతూనే ఉన్నాయి. అలా ఒకరోజు గొణుక్కుంటూ అల్మరా తెరిచి ఒక కడ్డీ చూపించాడు. "ఇది బంగారం. పత్రికాఫీసుది. లైనోటైపు."

పత్రికలు ఆఫ్‌సెట్‌కి మారినప్పుడు పాత ప్రెస్సుల సీసాన్ని ఇలాంటివాళ్ళు పోటీపడి కొనుక్కున్నారట. యాంటిమొనీ ఎక్కువ కాబట్టి అచ్చు స్పష్టంగా వస్తుంది. అక్షరానికైనా, తూటాకైనా కావలసింది ఆ స్పష్టతే. మనకి మూసకీ ముద్రణకీ అచ్చు అని ఒకే మాట ఎందుకుందో నాకు ఆ గరాజులో అర్థమైంది.

నేను మా నాన్న గురించి చెప్పాను. నాన్న తెనాలిలో ఒక చిన్న ప్రెస్సులో కంపోజిటర్. పెళ్ళి శుభలేఖలు, సినిమా కరపత్రాలు, అప్పుడప్పుడు ఎవరో కవిగారి సొంత ఖర్చుల పుస్తకం. మా తాత వేలిముద్రగాడు. నాన్న బడి మధ్యలో మానేసి ప్రెస్సులో చేరాడు. అంచేత ఆయన తెలుగు ధారాళంగా చదవడం నేర్చుకున్నది తిరగేసిన అక్షరాల్లోనే, కుడి ఎడమైన సీసపు అక్షరాల్లో. చెవుల్లో సీసం పోసినట్టు అంటాం. వేదం విన్న శూద్రుడి చెవుల్లో పోయమని గౌతమ ధర్మసూత్రం చెప్పింది త్రపువూ లక్కా. త్రపువు అంటే తగరమన్నారు కొందరు, సీసమన్నారు ఇంకొందరు. జనం నోట మాత్రం సీసమే నిలబడింది. అక్షరం దక్కకుండా చెవులు మూయడానికి పనికొచ్చిందని మనం చెప్పుకునే లోహమే మా ఇంటికి అక్షరం తెచ్చిపెట్టింది. తొంభైల్లో ప్రెస్సు మూతపడ్డప్పుడు ఓనరు టైపునంతా కేజీల లెక్కన పాత సామాన్లవాడికి అమ్మేశాడు. నాన్న ఒక గుప్పెడు తెచ్చుకున్నాడు. 2022 చలికాలంలో ఇక్కడికొచ్చినప్పుడు ఆ గుప్పెడు నాకిచ్చాడు. పుస్తకాల అరలో, శ్రీశ్రీ పక్కన, ఒక చిన్న ఇత్తడి గిన్నెలో పెట్టాను. వచ్చినవాళ్ళందరికీ చూపించేవాణ్ణి.

2023లో మా పాపకి రెండేళ్ళు నిండాయి. చెకప్‌లో వేలికొసన చుక్క రక్తం తీసుకున్నారు. రెండోరోజు ఫోన్. సీసం, డెసిలీటరుకి 6 మైక్రోగ్రాములు. పిల్లల్లో 3.5 దాటితే పట్టించుకోవాలని 2021 నుంచి ఇక్కడి లెక్క. ఇంత ఉంటే పరవాలేదు అని చెప్పదగ్గ మోతాదు అసలు లేదని కూడా చెప్పారు. చర్మంమీద ధూళి ఉన్నా వేలికొస పరీక్షలో ఎక్కువ చూపించవచ్చు, అందుకని మళ్ళీ నరంలోంచి తీశారు. ఈసారి 4.3.

మా ఆవిడ నావైపు చూసింది. ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

హెల్త్ డిపార్ట్‌మెంట్ నర్సు ఫోన్ చేసి వరసగా ప్రశ్నలడిగింది. ఇల్లు 1978 కంటే ముందుదా? అప్పటివరకూ ఇళ్ళ రంగుల్లో సీసం వాడేవారు. కాదు, 2005లో కట్టింది. ఇంట్లో ఎవరైనా తూటాలు పోస్తారా, గాలాలకి బరువులు పోస్తారా? గొంతు తడారిపోయింది. అవును, ఇంట్లో కాదు, పక్కింట్లో. బయటి దేశం నుంచి తెచ్చిన పసుపు, మసాలాలు వాడతారా? వాడతాం. కాటుక, సుర్మా, సిందూరం? పూజగదిలో కుంకుమ భరిణె ఉంది, అమ్మ తెచ్చిన ఆంజనేయస్వామి సిందూరం పొట్లం ఉంది. ఆ నారింజరంగు సంప్రదాయంగా సీసపు ఆక్సైడే. పాత లోహపు బొమ్మలు, వస్తువులు? నేను పుస్తకాల అరవైపు చూశాను. ఇత్తడి గిన్నె నేలమీద ఉంది. పాప గచ్చకాయలాడినట్టు అక్షరాల్ని ఎగరేసుకునేది. నోట్లో పెట్టుకోవడం కూడా చూశాను. చూసి, ఫోటో తీసి, నాన్నకి పంపాను. "తాతయ్య అక్షరాలు తింటోంది" అని రాసి మరీ.

ఆఫీసులో ఏదైనా పాడైతే ఒక్కొక్కటే మార్చి చూస్తాం. రెండు మార్పులు ఒకేసారి చేస్తే అసలు కారణం దొరకదు. పిల్ల విషయంలో అలా కుదరదు. అన్నీ ఒకేరోజు ఆపేశాం. పసుపు మార్చాం, సిందూరం తీసేశాం, గిన్నె తీసేశాం, గరాజు మానేశాను. అందుకే ఏది కారణమో ఇప్పటికీ తేలలేదు, ఇక తేలదు కూడా.

అయినా నా అనుమానం నామీదే. పొయ్యి దగ్గర కమ్మే ఆవిరికి నేను భయపడేవాణ్ణి. నిజానికి ఆ వేడికి సీసం అంతగా ఆవిరి కాదు. ప్రమాదం దుమ్ములో ఉంది, గరిటెతో తీసి పక్కన పెట్టే మడ్డిలో ఉంది, బకెట్ అడుగున మిగిలే పొడిలో ఉంది. నేను చేతులకి గ్లవ్స్ వేసుకునేవాణ్ణి. అవే బూట్లతో ఇంట్లోకొచ్చి, అదే జీన్స్‌మీద పాపని కూచోబెట్టుకునేవాణ్ణి.

నాన్నకి ఫోన్‌లో చెప్పడానికి నాలుగు రోజులు పట్టింది. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ప్రెస్సులో రోజూ ఒక అరటిపండు ఇచ్చేవాళ్ళురా, సీసానికి విరుగుడని" అన్నాడు. "పనిచేసేదా?" అన్నాను. "ఏమో. పండైతే తినేవాళ్ళం." మళ్ళీ ఆగి, "చేతులు కడుక్కోకుండా మాత్రం మిమ్మల్ని ఎత్తుకునేవాణ్ణి కాదు. మీ అమ్మ ఒప్పుకునేది కాదు. కుంకుడుకాయ రసంతో కడుక్కొని, చొక్కా మార్చుకునేదాకా గడప దాటనిచ్చేది కాదు" అన్నాడు. అమ్మకి సీసం గురించి ఏమీ తెలియదు. నల్లటి చేతులు తెలుసు.

ప్రీమో లెవీ 'ది పీరియాడిక్ టేబుల్'లో 'సీసం' అని ఒక అధ్యాయం ఉంది. సీసం వెతుక్కుంటూ తిరిగే ఒకడి కథ. తాతల నుంచి పనీ వస్తుంది, పనితో పాటు జబ్బూ వస్తుంది. చదువుకునే రోజుల్లో అది వారసత్వం గురించిన గొప్ప ప్రతీక అని ఒక వ్యాసం రాసి దాచుకున్నాను. ఇప్పుడు చదివితే అందులో ప్రతీక ఏమీ కనిపించలేదు. జబ్బు జబ్బులాగే ఉంది.

మూడు నెలల తర్వాత పాప లెక్క 2.6. రక్తంలో సీసం నెలకి దాదాపు సగం చొప్పున తగ్గుతుందట. అందులో కొంత ఎముకల్లోకి చేరి ఏళ్ళ తరబడి ఉండిపోతుందని కూడా చదివాను. ఆ రెండో ముక్క మా ఆవిడకి చెప్పలేదు. ఆవిడా చదివే ఉంటుంది.

పెద్దాయనకి సంగతి చెప్పాను. మొహం పాలిపోయింది. మర్నాడు గరాజు నేలంతా తడిపి తుడిచాడు, మనవలు వచ్చే గదిలోంచి సామానంతా తీసి షెడ్డులోకి మార్చాడు. నేను మళ్ళీ వెళ్ళలేదు. కంచె అవతలి నుంచి సాయంత్రాలు ఆ చప్పుడు వినిపిస్తుంది, దబ్బు, దబ్బు, దబ్బు, మధ్యలో ఒక ఖంగు.

నాన్న అక్షరాలు పారేయలేకపోయాను. గట్టి మూత ఉన్న ఆవకాయ సీసాలో పోసి పై అరలో పెట్టాను. మొన్న పాప చెయ్యి చాచి ఏమిటవి అనడిగింది. తాతయ్యవి అన్నాను. ఇవ్వమంది. ఇవ్వలేదు.