మూరెడు గొలుసు

హోసూరులో మాది తాతలనాటి ఇనుప సామాన్ల అంగడి. మేకులు, బోల్టులు, గొలుసులు అమ్మి బ్రతికినవాళ్ళము. గొలుసు చేతబట్టి చూస్తే చాలు, ఎంత బరువుకు ఆగుతుందో చెప్పగలమన్న గర్వము మాకు చాలాకాలము ఉండేది. ఆ గర్వము కాస్తా క్రిందటేడు అమెరికాలో దిగిపోయింది.

డాలస్ నగరంలో కాపురమున్న మా అబ్బాయి దగ్గరకు మా ఇంటావిడతో కలిసి వెళ్ళాము. అక్కడివారికి ఒక సరదా. పడక, పొయ్యి, నీళ్ళతొట్టి అమర్చిన చక్రాల ఇంటిని బండి వెనక తగిలించుకొని అడవులకూ చెరువులకూ పోతారు. దాన్ని ట్రైలరంటారు. మావాడూ పాతదొకటి కొన్నాడు.

ఎద్దుబండి తోలినవారికి ఇందులోని కిటుకు విడమరచి చెప్పనక్కరలేదు. బరువు వెనక్కి పడితే నొగలు పైకి లేస్తాయి. మరీ ముందుకు పడితే కాడి ఎద్దుల మెడలు విరుస్తుంది. ట్రైలరు బరువులో నూటికి 10 నుండి 15 పాళ్ళు ముందున్న హిచ్ మీద పడాలట. తక్కువైతే దారిలో ట్రైలరు తోక ఊపుతుంది. అంత బరువు పడితేనేమో లాగే బండి వెనక భాగం క్రుంగి, ముందు చక్రాలు తేలికై, స్టీరింగుకూ బ్రేకుకూ పట్టు తప్పుతుంది. దీనికి విరుగుడుగా హిచ్ నుండి రెండు ఉక్కు కడ్డీలు ట్రైలరు చట్రము వెంట వెనక్కు పోతాయి. వాటి కొనలను పొట్టి గొలుసులతో పైకి లాగి చట్రానికి తగిలిస్తారు. అప్పుడా కడ్డీలు గునపము మీట వేసినట్లు పనిచేసి, కొంత బరువును బండి ముందు చక్రాలకూ, కొంత ట్రైలరు చక్రాలకూ పంచుతాయి. ఆ పంపకమంతా మూరెడు గొలుసుల మీదనే ఆధారపడి ఉంటుంది.

ప్రయాణము శనివారము. శుక్రవారము సాయంత్రము మేము ఊరకే వంగి చూస్తే, ఎడమవైపు గొలుసులో ఒక లంకె అరిగి సన్నబడి ఉన్నది. వేలితో తడిమితే వెంట్రుకవంటి పగులు.

“ఇదెంత పని! మూరెడు గొలుసు తెస్తే సరి” అన్నాము.

అంగడిలో గొలుసులు పీపాలకు చుట్టి, అడుగుల లెక్కన అమ్ముతున్నారు. పాత లంకె మందము అంగుళంలో ఎనిమిదింట మూడు వంతులు. 1956లో మీటర్ల చట్టము వచ్చినా మా హోసూరు అంగడిలో దాన్ని ‘మూడు నూలు’ అనే పిలిచాము. అదే మందముగల గొలుసు తళతళలాడుతూ కనిపించింది. కోయించబోయాము.

వెంట వచ్చిన మా కోడలు లంకెను త్రిప్పి చూసి, “మామయ్యగారూ, దీని మీద ముప్ఫై అని చెక్కి ఉన్నది. ఏమిటండీ అది?” అన్నది.

మాకు తెలియదు. తెలియదని నోరు రాక నిలబడ్డాము. అంగడిలోని పెద్దాయన చెప్పాడు: అది ఉక్కు తరగతి. మూడు నూలు మందములోనే 30వ తరగతి గొలుసు మీద మోపదగిన బరువు 2,650 పౌన్లు, అంటే సుమారు 1,200 కిలోలు. 70వ తరగతిదైతే 6,600 పౌన్లు, సుమారు 3,000 కిలోలు. మందము ఒక్కటే, ఉక్కు వేరు. “అయినా మీ పనికి ఇక్కడి గొలుసేదీ వద్దు. లంకె లోపలి పొడవు కూడా ఆ కొక్కేనికి సరిపోవాలి. హిచ్ చేసినవారి దగ్గరే జత తెప్పించుకోండి” అన్నాడు. ఆ జత రావడానికి వారము పడుతుందట.

బయటికి రాగానే మావాడు, “నూరు మైళ్ళే కదా నాన్నా! పిల్లలు మూటలు కూడా కట్టుకున్నారు. ఇప్పటికి ఏదో ఒకటి వేసి నెమ్మదిగా పోదాము. మీరు చూసి బాగుందంటే నాకు చాలు” అన్నాడు.

ఆ చివరి మాటే మమ్మల్ని పట్టి కుదిపింది. ఎందుకంటే ఆ మాటే 1978లో ఇంకొకాయన అన్నాడు. బావిలో నుండి మోటారు పైకి తీయడానికి గొలుసు కావాలని వచ్చిన రైతు. “మీరు చూసి ఇస్తే చాలు సామీ” అన్నాడు. మేము మందము చూసి ఇచ్చాము. దాని మీద ఏ అంకే లేదు. ఉండాలని మాకు తెలియనూ తెలియదు. మోటారు గట్టు దాకా వచ్చి గొలుసు తెగింది. ఆయన కుడిపాదము నలిగింది. తరువాత కుంటుకుంటూ మా అంగడికి వచ్చి, “ఇనుము కదా సామీ, తెగుతుంది” అని మేకులు కొనుక్కొని పోయాడే గాని, ఒక్క నిష్ఠూరమాడలేదు. ఆయన తిట్టి ఉంటే మాకు సుఖంగా ఉండేది.

ఈ సంగతి అంతవరకూ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆ రాత్రి అన్నాల దగ్గర చెప్పాము. మా ఇంటావిడ చేయి కంచంలో ఆగిపోయింది. మావాడు కాసేపు మాట్లాడక, లేచి వెళ్ళి ప్రయాణము మానుకున్నట్లు ఫోను చేశాడు. పిల్లలు ఏడ్చారు. మూడు రోజులు మనుమడు మాతో మాట్లాడలేదు.

వారానికి జత వచ్చింది. కుడివైపుది బాగానే ఉన్నా రెండూ మార్చాము. ట్రైలరు తగిలించకముందు బండి ముందు చక్రము పైన రేకు నేల నుండి ఎంత ఎత్తున్నదో మావాడు కొలిచాడు. తగిలించగానే అది పైకి లేచింది. గొలుసులు బిగించాక మళ్ళీ దిగింది. రెండువైపులా లంకెలు లెక్కపెట్టే పని మనుమడికి అప్పజెప్పాము. “తాతా, సమానమే!” అని అరిచాడు. ఆ పూటతో మాటలు కలిశాయి.

ఇంట్లో ఊయలకైనా, బావికైనా, ట్రాక్టరుకైనా గొలుసు కొనేటప్పుడు మందముతో తృప్తిపడక లంకె మీది అంకె అడగండి. అంగడివాడికి తెలియకపోతే, తెలియదని అనిపించండి. ఆ ఒక్క మాట అనడానికి మాకు ఒక జీవితకాలము పట్టింది.

పగిలిన ఆ పాత గొలుసును మావాడు పారవేయబోతే అడిగి తెచ్చుకున్నాము. ఇప్పుడది మా బల్ల మీద ఉన్నది.