గడువు తేదీ పెట్టె మీదే ఉండాలి

టీవీకైనా, బ్లూ-రే ప్లేయరుకైనా, స్ట్రీమింగ్ స్టిక్కుకైనా పూర్తి డబ్బు చెల్లించే ఇంటికి తెచ్చుకుంటాం. కానీ అది ఎన్నాళ్లు పనిచేస్తుందన్నది దాన్ని లోపలి నుంచి నడిపే సాఫ్ట్‌వేర్ మీద, అంటే కంపెనీ పంపే ఫర్మ్‌వేర్ మీద ఆధారపడి ఉంటుంది. ఆ ఆయుష్షు గురించి తయారుచేసినవాళ్లకు తెలిసినంత కొనేవాళ్లకు తెలియదు. 2025 మార్చిలో గూగుల్ స్ట్రీమింగ్ పరికరాలైన రెండో తరం క్రోమ్‌కాస్ట్‌లు ఒక్కసారిగా మొరాయించాయి. వాటిలో భాగమేదీ చెడిపోలేదు. పరికరం అసలైనదేనని ఫోనులోని యాప్‌కు రుజువు చేసే డిజిటల్ సర్టిఫికెట్లలో ఒకదాన్ని 2015లో పదేళ్ల గడువుతో తయారుచేశారు. ఆ పదేళ్లూ నిండాయి. గూగుల్ కొద్దిరోజుల్లోనే అప్‌డేట్ పంపి సరిచేసింది, మంచిదే. అయితే ఆ గడువు మొదటిరోజు నుంచీ పరికరం లోపల ఉంది, అట్టపెట్టె మీద మాత్రం లేదు.

నెట్‌కు తగిలించకుండా వాడుకుంటే ఏ గొడవా ఉండదు కదా అంటారు కొందరు. ఆ సలహా నిలబడదు. 2010 ఏప్రిల్‌లో ‘అవతార్’ బ్లూ-రే వచ్చినప్పుడు చాలా ప్లేయర్లు దాన్ని ఆడించలేకపోయాయి. డిస్కు కొత్తదే, ప్లేయరూ బాగానే ఉంది. కాపీ చేయకుండా డిస్కుకు వేసిన తాళం పాత ఫర్మ్‌వేర్‌కు లొంగలేదు, అంతే. అప్‌డేట్ చేసుకుంటేనే సినిమా. పదేళ్ల తర్వాత, 2020 జూన్‌లో, కథ తిరగబడింది. నెట్‌కు తగిలించి ఉన్న శాంసంగ్ బ్లూ-రే ప్లేయర్లు ఆన్ చేయగానే ఆరిపోయి, మళ్లీ వెలిగి, మళ్లీ ఆరిపోవడం మొదలుపెట్టాయి. కంపెనీ సర్వరు నుంచి దిగిన చిన్న ఎక్స్‌ఎంఎల్ ఫైలు దానికి కారణం. ప్లేయరు ఏయే వివరాలు నమోదు చేయాలో చెప్పే ఫైలది. సినిమా చూడడానికి దానితో పనే లేదు. అందులో ఉండాల్సిన ఒక అంశం కనబడక ప్రోగ్రాం కుప్పకూలేది. ఫైలు మెమరీలో నిలిచిపోవడంతో ఆన్ చేసిన ప్రతిసారీ దాన్నే చదివి, నెట్ అందుకునేలోపే మళ్లీ పడిపోయేది. కాబట్టి నెట్ ద్వారా బాగుచేసే దారి కూడా మూసుకుపోయింది. చివరికి ప్లేయర్లను పార్సిల్ కట్టి రిపేరుకు పంపాల్సి వచ్చింది. తగిలించకపోతే ఒక చిక్కు, తగిలిస్తే ఇంకొకటి అయినప్పుడు వాడేవాళ్లను జాగ్రత్తగా ఉండమనడం అన్యాయం.

అప్‌డేట్లే వద్దని నేను అనడం లేదు. 2010లోనే సోనీ ప్లేస్టేషన్ 3కి త్రీడీ బ్లూ-రే సినిమాలు ఆడించే శక్తి ఒక అప్‌డేట్‌తోనే వచ్చింది, కొన్నవాళ్లు పైసా ఖర్చు పెట్టకుండా. నెట్‌కు తగిలిన పరికరంలో భద్రతా లోపం బయటపడితే దాన్ని పూడ్చక తప్పదు కూడా. నేను అడిగేది ఒక్కటే: ఈ సేవ ఏ సంవత్సరం దాకా అందుతుందో కొనేముందే చెప్పాలి. టెక్నాలజీ ఎటు పోతుందో ముందే ఎలా చెప్పగలమని కంపెనీలు అనవచ్చు. ఎటు పోతుందో చెప్పమని ఎవరూ అడగడం లేదు, తాము ఎంతకాలం బాధ్యత తీసుకుంటారో చెబితే చాలు. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి నెట్‌కు తగిలే గృహోపకరణాల తయారీదారులు భద్రతా అప్‌డేట్లు కనీసం ఎంతకాలం ఇస్తారో ప్రకటించి తీరాలి. అక్కడ సాధ్యమైంది ఇక్కడ ఎందుకు కాదు? మన టీవీల మీద కరెంటు వాడకం చెప్పే స్టార్ గుర్తు ఎలాగూ ఉంది. దాని పక్కనే ఒక సంవత్సరం అచ్చు వేయడం కష్టమేమీ కాదు. భద్రత ఒక్కటే కాదు, కొత్త డిస్కులను, యాప్‌లను ఆడించే అప్‌డేట్లకూ ఆ గడువు వర్తించాలి. అది దాటాక కూడా, అప్పటిదాకా ఆడిన డిస్కులను నెట్ ప్రమేయం లేకుండా ఆడించేలా ప్లేయరును వదిలిపెట్టాలి.