బొంత మీద పేర్లు

పాత చీరలు కలిపి కుట్టే బొంత మన ఇళ్లలో చలికి కప్పుకునేది. శాన్ ఫ్రాన్సిస్కోలో గే యువకులు పోయిన స్నేహితుల జ్ఞాపకాలనే అలా కుట్టుకున్నారు.

1985 నవంబరులో ఎయిడ్స్‌తో చనిపోయినవారి పేర్లు అట్టల మీద రాసి, అక్కడి ఫెడరల్ భవనం గోడకు అంటించారు. ఉద్యమకారుడు క్లీవ్ జోన్స్ కంటికి ఆ గోడ బొంతలా కనిపించింది. 1987 అక్టోబరులో వాషింగ్టన్‌లో నిజం బొంతనే పరిచారు. అప్పటికి 1,920 ముక్కలు. ఒక్కోటి మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు... అచ్చంగా సమాధి అంత! ఇప్పుడవి దాదాపు 50 వేలు. కొన్నింటి మీద ఇంటిపేరు లేదు. పోయాక కూడా నలుగురికీ తెలుస్తుందన్న భయం మరి.

1996లో మందులు కలిపి ఇచ్చే చికిత్స వచ్చాక చాలామంది నిలదొక్కుకున్నారు. 1954లో పుట్టిన జోన్స్ కూడా హెచ్ఐవీని తట్టుకుని నిలిచినవారే. బతికారు, సంతోషమే. కానీ తమ ఈడువాళ్లు మిగలని ముసలితనం ఏం సుఖం?

2014 నుంచి అమెరికాలో ఏటా జూన్ 5న వీరిని తలుచుకుంటున్నారు. 1981లో ఈ జబ్బుపై తొలి నివేదిక వెలువడిన రోజది. సన్మానాలు సరే. బొంతకు కుట్టిన ఆ చొక్కా ఎవరిదో, ఎప్పుడు వేసుకునేవాడో చెప్పగలిగేది వీళ్లే. ఆ నగరంలోని జీఎల్‌బీటీ హిస్టారికల్ సొసైటీ ఉత్తరాలు, ఫొటోలతో పాటు ఇలాంటివారి మాటల్నీ రికార్డు చేసి దాస్తోంది.